నేను నేర్పిన నమస్కారం

మా పేటలో ఎవరైనా ‘నమస్కారం’ అన్నారంటే కరెంటు బిల్లు తీసే మనిషో, ఓట్లకోసం వచ్చిన మనిషో అయి ఉండాలి. మాలో మేము ఎదురుపడితే ‘వందనాలండీ’ అంటాం. పాలపాకెట్టు కోసం వెళ్తూ అంటాం, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి అంటాం, ఫోనెత్తి హలో బదులు అంటాం. పోట్లాడుకున్న మర్నాడు మొహమొహాలు చూసుకోలేక గొణిగేది కూడా ఆ మాటే. నేను ముప్ఫై ఏళ్లకు పైగా మండల పరిషత్ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. బడిలో పిల్లల నమస్కారానికి నమస్కారం అనేదాన్ని, సాయంత్రం కాలవ వంతెన దాటి పేటలోకి రాగానే వందనాలలోకి మారిపోయేదాన్ని. అలా మారడం నాకెప్పుడూ కష్టమనిపించలేదు. అందుకే కాబోలు, ఇంకొకరికి దాన్ని రెండు రోజుల్లో నేర్పేయొచ్చు అనుకున్నాను.

నేర్చుకోవాల్సి వచ్చినావిడ మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. మా పేట అంగన్వాడీలో ఆయా. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. భర్త రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లోడు చేసేవాడు. ఒకసారి లారీ మీంచి జారి పడ్డాడు, ఆ నడుము మళ్లీ బాగుపడలేదు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని కొబ్బరీనెలు చీల్చి చీపుర్లు కడతాడు. ఇల్లు గడిచేది ఆవిడ ఉద్యోగంతోనే. ప్రతి శనివారం మధ్యాహ్నం భర్త కట్టిన చీపురు ఒకటి పట్టుకుని వెళ్లి చర్చి ఊడ్చి, చాపలు దులిపి పరిచి వచ్చేది. ఊడవమని ఎవరూ అడగలేదు, ఊడ్చినందుకు ఎవరూ ఏమీ అనలేదు. ఆదివారం ఆడవాళ్ల వైపు మూడో చాప మీద, స్తంభాన్ని ఆనుకుని కూర్చునేది. పాట ఎత్తుకోవడంలో ముందు ఆవిడ గొంతే. పాస్టరుగారు శ్రుతి తప్పినా ఆవిడ తప్పేది కాదు.

పోయినేడాది ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం, అంగన్వాడీ మూసేసి నేరుగా మా ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన కాగితం.

“మండలాఫీసుకి రమ్మన్నారంటండి. ఎల్లుండి. ఇదేంటో సదివి చెప్పండి టీచరుగారూ.”

చదివాను. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆవిడ క్రైస్తవురాలు కాబట్టి ఆవిడ ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని, ఎస్సీలకు కేటాయించిన ఆయా ఉద్యోగంలో ఆవిడ ఉండటానికి వీల్లేదని. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్‌ఐ గారి ముందు విచారణకు హాజరుకావాలని, స్థానికులు ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పాలని నోటీసు.

మా పేట సంగతి తెలియనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. ఎస్సీ కులంలో పుట్టినవాళ్లు క్రైస్తవులైతే చట్టం వాళ్లను ఎస్సీలుగా లెక్కపెట్టదు, బీసీ-సి అంటుంది. అంటే యేసుప్రభువును నమ్ముకున్న రోజున మా కులం పోయినట్టు. పోతే సంతోషమే. కానీ ఎక్కడికి పోయింది? బాప్తిస్మం తీసుకుని బయటికొచ్చిన మా తాతలకు ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. టీ హోటల్లో గ్లాసులు ఒకటయ్యాయంటే అది ప్లాస్టిక్ కప్పులు వచ్చినందువల్ల. పేటను ఇప్పటికీ పేట అనే అంటారు. అందుకని మా వాళ్లలో చాలామంది కాగితం మీద ఒకలాగ, ఆదివారం ఒకలాగ ఉంటారు. అది తప్పని చెప్పేవాళ్లు చెప్తారు. నేను చెప్పను. మా నాన్నగారు పంతానికి పోయి మా అందరికీ బీసీ-సి రాయించారు. ఆయనకు అప్పటికే మిషను బడిలో ఉద్యోగం ఉంది కాబట్టి పంతం పట్టగలిగారు. నాకూ ఉద్యోగం వచ్చింది, పెన్షన్ వస్తోంది. నా కాగితమూ నా ఆదివారమూ ఒకటే. ఆ ధీమాతోనే ఆవిడతో అన్నాను, “నువ్వేం భయపడకు. నేనొస్తాను సాక్ష్యానికి.”

ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నోటీసు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, “ప్రార్థన చేద్దామమ్మా” అన్నారు.

“చేద్దామండి. దాంతోపాటు మీరు కూడా రండి.”

“నేనొస్తే ఏమని చెప్పనండి? మన మనిషి కాదనాలా? మన మనిషే అంటే ఆవిడ ఉద్యోగం పోద్ది. పైగా బాప్తిస్మాల రిజిస్టరు అడుగుతారు. రిజిస్టరు బయటికి తీస్తే ఆవిడొక్కర్తే కాదు టీచరుగారూ, సంఘంలో సగంమంది కాగితాలు తవ్వుతారు.”

ఆయన చెప్పింది నిజమే. నాకు కోపం తెప్పించింది అదే. ఆయన మాటలో తప్పు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఏడాది రెండేళ్లుగా ఊళ్లో గాలి అలాగే ఉంది మరి. నా చిన్నప్పుడు వినాయకుడి ఊరేగింపు మా చర్చి ముందుకి రాగానే డప్పులు వాళ్లే ఆపేవాళ్లు, మేము పిల్లలం బయటికొచ్చి చూసేవాళ్లం. ఇప్పుడు అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడితే తప్ప ఊరేగింపు కదలదు. ఫోన్లలో ఎక్కడెక్కడివో వీడియోలు వస్తాయి, అవన్నీ మా వీధిలోనే జరిగినట్టు జనం మాట్లాడుకుంటారు. మా కుర్రాళ్లూ తక్కువేం తినలేదు. సౌండు బాక్సులు కొత్తవి కొని గుడివైపు తిప్పి పెట్టారు. తిప్పొద్దురా అని నేను అంటే, “మీకు తెలీదులెండి టీచరుగారూ” అన్నారు. వాళ్లకి ఎక్కాలు నేర్పింది నేను.

అయినా పాస్టరుగారి మీద కోపం తగ్గలేదు. ఆ నెలంతా ఆయన పొరుగువారిని ప్రేమించడం గురించే వారం వారం ప్రసంగం చేస్తున్నారు. పొరుగావిడకి నోటీసు వస్తే రిజిస్టరున్న బీరువా తాళంచెవి తడుముకున్నారు.

సరే, మనమే చూసుకుందాం అని మర్నాడు పొద్దున్నే ఆవిడని మా వరండాలో నిలబెట్టాను. నేను కుర్చీలో కూర్చున్నాను.

“నేను ఆర్‌ఐ గారిని. నువ్వు లోపలికొచ్చావు. ఏమంటావు?”

“వందనాలండీ.”

“కాదు. నమస్కారం.”

“అవునవును. నమస్కారం.”

“అండీ చేర్చు. మళ్లీ రా.”

గేటుదాకా వెళ్లి మళ్లీ వచ్చింది. చేతులు జోడించింది. “వంద...” అని నాలుక్కరుచుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగోసారికి వచ్చింది గానీ చేతులు గుండె దగ్గర పెట్టలేదు, ప్రార్థనలో పెట్టినట్టు గడ్డం కిందికి తీసుకెళ్లి కళ్లు మూసేసింది. కళ్లు తెరువమ్మా అన్నాను. చేతులు కిందికి దించి చూపించాను. మధ్యాహ్నం అంగన్వాడీ పని చూసుకుని మళ్లీ వచ్చింది. చీకటి పడేలోపల పదిసార్లైనా గేటుదాకా వెళ్లి వచ్చి ఉంటుంది. చివరికి ఒక్కసారి, తడబడకుండా, “నమస్కారమండీ” అంది. బడిలో మొద్దుపిల్లకి కూడిక వచ్చినంత సంబరపడ్డాను నేను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“టీచరుగారూ, ఇలా అంటే ప్రభువుని కాదన్నట్టవదు కదండీ?”

“ఏం కాదు. అదొట్టి మాట” అన్నాను.

మాట గురించి జీవితమంతా పిల్లలకి చెప్పి బతికినదాన్ని. అదొట్టి మాట అని ఎలా అన్నానో నాకే తెలియదు.

ఇంకా ఒక తెలివితక్కువ పని చేశాను. స్టిక్కరు బొట్లు కొందామని బజారులో కిరాణా కొట్టుకి వెళ్లాను. కొట్టు నడిపే షావుకారుగారి భార్య నన్ను పాతికేళ్లుగా ఎరుగుదురు. నేను బొట్టు పెట్టుకోనని ఆవిడకి తెలుసు. పాకెట్టు చేతిలో పెట్టకుండా, “ఎవరికండీ?” అన్నారు. దాచలేకపోయాను, మొత్తం చెప్పేశాను.

ఆవిడ పాకెట్టు తీసుకెళ్లి మళ్లీ తీగకి తగిలించేశారు.

“వద్దండి. ఎప్పుడూ లేనిది రేపు ఆ మొహానికి బొట్టు పెడితే చూసినవాళ్లకి ఇట్టే తెలిసిపోద్ది. విచారణ ఎన్నింటికి?”

“పదకొండింటికండి. ఎందుకు?”

“మా అత్తగారు ఎనిమిది నెలలు మంచాన ఉంటే సాయంత్రాలు వచ్చి పక్క మార్చింది ఆవిడేనండి. డబ్బులిస్తానంటే పుచ్చుకోలేదు. నేనూ వస్తాను. ఆటోలో చోటుంచండి.”

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. మా సంఘంలో అరవై ఇళ్లున్నాయి. రెండు రోజుల్లో నేను ఎనిమిది ఇళ్లకి వెళ్లి అడిగాను, సాక్ష్యానికి వస్తారా అని. అందరూ అయ్యో పాపం అన్నారు, అందరూ టీ ఇచ్చారు. వస్తానన్నది మాత్రం బొట్లు అమ్మే ఆవిడ.

మండలాఫీసులో ఆర్‌ఐ గారి గదికి తలుపు లేదు, తెర ఉంది. బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ ఆవిడ పెదాలు కదుపుతూనే ఉంది. నమస్కారమండీ, నమస్కారమండీ అని వల్లె వేసుకుంటోందని నాకు తెలుసు. పిలిచారు. తెర తీసి లోపలికి వెళ్లింది, వెనకే మేమిద్దరం. ఆర్‌ఐ గారు తలెత్తారు. ఆవిడ చేతులు జోడించింది, నేను నేర్పినట్టే గుండె దగ్గర పెట్టింది, కళ్లు తెరిచే ఉంచింది.

“వందనాలండీ” అంది.

నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడకి తాను ఏమన్నదో కొంచెం ఆలస్యంగా తెలిసింది. నోటి మీద కొంగు పెట్టుకుంది.

ఆర్‌ఐ గారు ముప్ఫై అయిదేళ్లు దాటని మనిషి. నవ్వాపుకుంటున్నట్టు కనిపించారు. ఫైలు విప్పి ఒక తెల్లకాగితం తీశారు.

“మీరేం కంగారు పడకండమ్మా. మీ మీద రాసినాయన కూడా అలాగే మొదలెట్టాడు.” పైకి చదివారు: “గౌరవనీయులైన అధికారిగారికి వందనములతో వ్రాయునది ఏమనగా.”

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా ఆ ఉత్తరం ఊళ్లోవాళ్లెవరో రాశారనే అనుకున్నాం. ఎవరి మీదో అనుమానం కూడా పెట్టుకున్నాం, పేరు చెప్పి మరీ తిట్టుకున్నాం. ఊళ్లో మనిషి అర్జీ రాస్తే నమస్కరించి వ్రాయునది అంటాడు. వందనములతో మొదలుపెట్టేది మేమే. మా స్త్రీల సమాజం మినిట్సు పుస్తకంలో ప్రతి పేజీ అలాగే మొదలవుతుంది. ఆవిడ క్రైస్తవురాలని ఫిర్యాదు చేసిన మనిషి, ఆదివారం ఆవిడ దులిపి పరిచిన చాప మీద కూర్చునే మనిషే. ఆ ఆయా పోస్టు మీద మా వాళ్లలో నలుగురైదుగురికి ఆశ ఉండేదని నాకు తెలుసు. వాళ్లలో ఎవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.

షావుకారుగారి భార్యని ముందు అడిగారు. ఈ ఆయా ఏ మతం అని.

“నేనెప్పుడూ అడగలేదండి. మా అత్తగారికి పక్క మార్చేటప్పుడు ఆవిడా నన్ను అడగలేదు. అత్తగారు పోయేముందు పెనుగొండ అమ్మవారిని చూడాలన్నారు. కారులోంచి దింపి, చేతుల మీద గుళ్లోకి తీసుకెళ్లింది ఈవిడేనండి. రాసుకోండి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?”

ఆయన రాసుకున్నారు. ఆవిడ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి ఇచ్చారు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

తరువాత నా వైపు తిరిగారు. “టీచరుగారూ, మీరు చెప్పండి. ఈవిడ మీ చర్చి మనిషేనా?”

దీనికోసం నేను రెండు రోజులుగా జవాబు తయారు చేసుకున్నాను. కులం పుట్టుకతో వచ్చింది, దేవుణ్ణి మార్చుకుంటే మనుషులు ఆమెను చూసే చూపు మారలేదు, ఈ నియమమే అన్యాయం అని చెప్పాలనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. ఆయన పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నారు. అవునంటే ఉద్యోగం పోతుంది. కాదంటే అబద్ధ సాక్ష్యం. సండే స్కూల్లో పిల్లలకి అబద్ధ సాక్ష్యం పలకకూడదని బెత్తం పట్టుకుని నేర్పినదాన్ని నేను. అటూ ఇటూ కాకుండా, అబద్ధం కాకుండా, ఆవిడకి నష్టం కాకుండా ఒక ముక్క దొరికింది. దొరికినందుకు ఆ క్షణంలో సంతోషించాను కూడా.

“చర్చి ఊడుస్తుందండి” అన్నాను.

ఆయన తలూపారు. రాసింది పైకి చదివి వినిపించారు. “సదరు మహిళ చర్చిలో పారిశుద్ధ్య పని చేయును.” ఆ కింద నా సంతకం పెట్టించుకున్నారు.

ఆవిడ పక్కనే నిలబడి ఉంది. కొంగు నోటి మీంచి తీసేసింది. నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

బయటికి వస్తుంటే ఆర్‌ఐ గారు ఆవిడని వెనక్కి పిలిచి, మెల్లగా చెప్పారు. “రిపోర్టు మీకు అనుకూలంగానే రాస్తానమ్మా. కానీ మళ్లీ ఫిర్యాదు వస్తే నా చేతిలో ఉండదు. ఉద్యోగం కావాలంటే మీరు ఆ గుమ్మం వైపు వెళ్లకండి.” ఆయన మంచి మనసుతోనే చెప్పారు. ఆ రోజు మంచి మనసు లేనివాళ్లెవరూ నాకు తగల్లేదు. జరిగిందంతా మంచి మనసులతోనే జరిగింది.

ఆటోలో షావుకారుగారి భార్య బజారు దగ్గర దిగిపోయారు. ఆటో వంతెన దగ్గరికి వచ్చింది.

“నేను చర్చి ఊడుస్తానన్నారు కదండీ” అంది.

“ఉద్యోగం కోసమే అలా అన్నా. నువ్వు వేరేగా అనుకోకు.”

“అబద్ధం కాదులెండి” అంది.

ఉద్యోగం నిలబడింది. ఆ వారం నుంచి ఆవిడ చర్చికి రావడం మానేసింది. మూడో చాప మీద స్తంభం పక్కన చోటు రెండు వారాలు ఖాళీగా ఉంది, మూడో వారం ఎవరో కూర్చున్నారు. శనివారాలు ఊడ్చేవాళ్లు లేక చాపల నిండా పావురాల రెట్టలు. పాస్టరుగారు ప్రకటనల సమయంలో మైకు పట్టుకుని, ఇళ్లవారీగా వంతులు వేసుకుందామమ్మా అన్నారు. ఆవిడ ఎందుకు రావడం లేదని మాత్రం అనలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆ ఉత్తరం మనలో ఒకరు రాశారని, ఎవరైనా సరే వెళ్లి ఆవిడని క్షమాపణ అడగాలని, అంతవరకూ ఈ చాపల మీద కూర్చోవడానికి నాకు సిగ్గుగా ఉందని చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. మగవాళ్ల వైపు నుంచి ఎవరో ఒక పాట ఎత్తుకున్నారు, అందరూ చప్పట్లతో అందుకున్నారు. శ్రుతి మాత్రం కుదరలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, “ఐక్యత చెడిపోద్ది టీచరుగారూ” అన్నారు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఒకరి తరువాత ఒకరు వందనాలండీ, వందనాలండీ అంటూ వెళ్లారు. వీళ్లలో ఎవరిది ఆ చెయ్యి అని ఒక్కొక్కరి చేతులు చూస్తూ నిలబడ్డాను. నేను తిరిగి ఎవరికీ వందనాలు చెప్పలేదు.

నాకు కోపం వాళ్ల మీదేనని చాలా రోజులు అనుకున్నాను. చర్చికి వెళ్లకపోయినా ఇంట్లో ప్రార్థన చేసుకుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. దేవుడికి గోడలు అక్కర్లేదని కూడా అనుకున్నాను. గోడల లోపల కూర్చునేవాళ్లకి అలా అనుకోవడం తేలిక. వెళ్లి పలకరిద్దామని రోజూ అనుకుని, ఆ రెండిళ్లూ దాటలేక ఆగిపోయాను. ఆ రోజు ఆర్‌ఐ గారి ముందు నేను అనాల్సిన మాట అది కాదు. మా చర్చిలో పాట ఎత్తుకునే మనిషి అని ఉంటే? ఉద్యోగం పోయేదేమో. ఏమో, పోయేది కాదేమో. షావుకారుగారి భార్య తన దేవుణ్ణీ దాచలేదు, ఆవిడనీ తగ్గించలేదు. నేను మాత్రం ఆవిడని చీపురు దగ్గర నిలబెట్టి వచ్చాను. ఊళ్లోవాళ్లు మా తాతలని నిలబెట్టిన చోటు కూడా అదే.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ముగ్గు చిప్పా గొడవా లేని మా వాకిలి ముందు నేను కొబ్బరాకులు ఏరుతున్నాను. ఆవిడ అంగన్వాడీకి వెళ్తోంది, చేతిలో తాళంచెవులు, చంకలో గొడుగు. నన్ను చూసి ఆగింది. నేను నడుము పట్టుకుని లేచి, “వందనాలమ్మా” అన్నాను. చాలా రోజుల తరువాత ఆ మాట నోటికి వచ్చింది.

ఆవిడ గొడుగు గేటుకి తగిలించింది. రెండు చేతులూ జోడించి గుండె దగ్గర పెట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

“నమస్కారమండీ టీచరుగారూ” అంది.

వీధిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.